నడుము మీది బ్యాటరీ, చేతి మీది బ్యాటరీ

టెక్నికల్ డైవింగ్‌కు, అంటే గుహల్లోకో, పైకి వచ్చేటప్పుడు ఆగి ఆగి రావలసినంత లోతుకో చేసే డైవింగ్‌కు, ప్రైమరీ (ప్రధాన) లైటు కొనాలనుకునేవారిలో చాలామంది పెట్టె మీద అచ్చువేసిన ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకెతోనే వెతుకులాట మొదలుపెడతారు. కేబుల్ ఉన్న కానిస్టర్ లైటా, కేబుల్ లేని కార్డ్‌లెస్ లైటా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ అంకె పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే ఒకే ఎల్ఈడీని, ఒకే రిఫ్లెక్టర్‌ను రెండింటిలోనూ బిగించవచ్చు. తేడా అంతా బ్యాటరీ ఎక్కడ ఉందన్న దానిలోనే ఉంది. బ్యాటరీ నడుము బెల్టుకు తగిలించిన గొట్టంలో ఉండి కేబుల్ ద్వారా చేతిలోని హెడ్‌కు (వెలిగే భాగానికి) కరెంటు పంపుతుందా, లేక ఆ హెడ్‌తోనే కలిసి చేతి మీద కూర్చుంటుందా అన్నదాన్ని బట్టి లైటు ఎంతసేపు వెలుగుతుంది, ఎక్కడ చెడిపోతుంది, లాంగ్ హోస్ (అవసరమైతే సహచరుడికి గ్యాస్ అందించే పొడవాటి గొట్టం) ఎటు నుంచి పోతుంది, మణికట్టు ఎప్పటికి అలసిపోతుంది అన్నవన్నీ మారిపోతాయి. నీటిలో మొత్తం గంటన్నర లోపే ఉండే డైవ్‌లకు ఈనాటి మంచి కార్డ్‌లెస్ లైటు సరిపోతుందని, డీకంప్రెషన్ (పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఆగే సమయం) పెరిగేకొద్దీ, నీరు చల్లబడేకొద్దీ కానిస్టర్‌కు సాటి వచ్చేది ఇంకా లేదని నా అభిప్రాయం.

కానిస్టర్ పుట్టుకకు కారణం అవసరమే తప్ప అందం కాదు. హాలోజన్ బల్బులు, లెడ్ యాసిడ్ బ్యాటరీలు తప్ప మరొకటి లేని రోజుల్లో గుహ డైవర్లకు కావలసినంత వెలుగును కావలసినంతసేపు ఇవ్వగల బ్యాటరీని చేత్తో పట్టుకుని ఈదడం సాధ్యమయ్యే పని కాదు. అందుకే బరువును శరీరానికి కట్టి, వెలుగును మాత్రం చేతికి తెచ్చుకున్నారు. తరువాత వచ్చిన హెచ్ఐడీ బల్బులు (వాయువులో విద్యుత్ ఆర్క్‌తో వెలిగేవి) తక్కువ వాట్లకే తెల్లని, పదునైన కాంతిని ఇచ్చాయి గాని అవి సున్నితమైనవి. ఆర్పిన వెంటనే మళ్లీ వెలిగించబోతే వేడి మీద సరిగా అంటుకునేవి కావు, అందువల్ల డైవ్ మొదట్లో వెలిగించిన లైటును చివరిదాకా ఆర్పకుండా ఉంచడమే అలవాటుగా మారింది. లిథియం అయాన్ సెల్, ఎల్ఈడీ కలిసి ఈ లెక్కను తిరగరాశాయి. ఒకప్పుడు నడుము మీద సీసా అంత డబ్బా మోస్తే తప్ప దొరకని కాంతి ఇప్పుడు అరచేతిలో ఇమిడే లైటులోంచి వస్తోంది. అయినా కానిస్టర్ కనుమరుగు కాలేదు. దానికి సంప్రదాయం మీది మమకారం కొంత కారణమైతే, వాట్-అవర్ల (బ్యాటరీలో ఇమిడే శక్తి) లెక్క అంతకంటే పెద్ద కారణం.

ఆ లెక్కను కాస్త నిదానంగా చూద్దాం. 18650 రకం మంచి లిథియం అయాన్ సెల్ ఒకటి సుమారు 12 వాట్-అవర్ల శక్తిని దాచుకుంటుంది, 21700 రకం సెల్ అయితే సుమారు 18. ఎనిమిది 18650 సెల్‌లు పట్టే ఓ మోస్తరు కానిస్టర్‌లో దాదాపు 100 వాట్-అవర్లు ఉంటాయి. 20 వాట్లు తీసుకునే హెడ్‌ను దానికి తగిలిస్తే కాగితం మీద 5 గంటలు వెలగాలి. ఎల్ఈడీకి కరెంటును సర్దే డ్రైవర్ సర్క్యూట్‌లో పోయేది, సెల్ వయసు పెరిగి తగ్గేది తీసేసినా 4 గంటలకు దిగదు. అదే 20 వాట్ల హెడ్‌కు రెండు 21700 సెల్‌లతో కార్డ్‌లెస్ శరీరాన్ని తొడిగితే చేతిలో ఉన్నది 36 వాట్-అవర్లే, అంటే గంటన్నరకు అటూ ఇటూ. ఇప్పుడు అడుగున గడిపేది, పైకి వచ్చేటప్పుడు ఆగేది కలిపి 100 నిమిషాల డైవ్‌ను ఊహించుకోండి. అనుకున్న సమయానికి ఒకటిన్నర రెట్లు లైటు వెలగాలన్న జాగ్రత్తను పాటిస్తే 150 నిమిషాలు కావాలి. పూర్తి కాంతిలో ఆ కార్డ్‌లెస్ చాలదు. సగానికి తగ్గించుకుంటే చాలుతుంది. సగం కాంతి నిజానికి చెడ్డ సంగతి కూడా కాదు, స్వచ్ఛమైన నీటిలో సన్నని కిరణం ఉన్న 1000 ల్యూమెన్ల లైటు దాదాపు అన్ని పనులకూ సరిపోతుంది. అయితే పెట్టె మీద చూసి కొన్నది 2000 ల్యూమెన్లనైతే, నీటిలో వాడుకోగలిగేది 1000 మాత్రమేనని కొనకముందే తెలిసి ఉండాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని కార్డ్‌లెస్ లైట్లు పూర్తి కాంతిలో కొద్ది నిమిషాలే నిలిచి, ఆ తరువాత వేడి వల్లో సెల్ వోల్టేజీ పడిపోవడం వల్లో తమంతట తామే మెట్టు దిగిపోతాయి. కంటికి ఆ తేడా వెంటనే తెలియదు, చీకటికి అలవాటుపడిన కన్ను సర్దుకుపోతుంది. తయారీదారు ప్రకటించే బర్న్ టైమ్ (వెలిగే సమయం) ఈ తగ్గిన కాంతిని కూడా కలుపుకున్నదై ఉండవచ్చు. ఇది ఒక్క కార్డ్‌లెస్‌కే పరిమితమైన జబ్బు కాదు గాని, కానిస్టర్‌లో సెల్‌ల సంఖ్య ఎక్కువ కాబట్టి ఒక్కొక్క సెల్ మీద భారం తక్కువగా పడి, కాంతి చివరిదాకా నిలకడగా ఉండే అవకాశం ఎక్కువ. నీరు 4 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఈ తేడా మరింత బయటపడుతుంది, ఎందుకంటే చలిలో లిథియం అయాన్ సెల్ తన పూర్తి సామర్థ్యాన్ని ఇవ్వదు.

ఇక కేబుల్ సంగతి. కానిస్టర్ లైటు చెడిపోతే నేను ముందుగా చూసేది కేబుల్ హెడ్‌లోకి దూరే ఆ అంగుళం భాగాన్ని. అక్కడ రబ్బరు గ్లాండ్ (నీరు చొరకుండా ఆపే బిగింపు) కేబుల్‌ను బిగించి పట్టుకుని ఉంటుంది. హెడ్‌ను ఛాతీ పట్టీ మీది డి-రింగ్‌కు (డి ఆకారపు రింగుకు) తగిలించిన ప్రతిసారీ, సంచిలో కుక్కిన ప్రతిసారీ కేబుల్ సరిగ్గా అక్కడే వంగుతుంది. మొదట పైతొడుగు మీద గీతలాంటి మడత పడుతుంది, తరువాత లోపలి రాగి తీగలు ఒక్కొక్కటిగా తెగుతాయి, హెడ్‌ను ఒక కోణంలో పట్టుకుంటే వెలిగి మరో కోణంలో మినుకుమనే దశ వస్తుంది. గ్లాండ్ వదులైతే నీరు లోపలికి చేరుతుంది. దీనికి తోడు మూతకు పెట్టిన స్విచ్, దాని రబ్బరు టోపీ, మూత ఓ-రింగ్ (నీరు చొరకుండా ఆపే రబ్బరు వలయం), కేబుల్ మధ్యలో కనెక్టర్ ఉంటే అదొకటి, ఇలా నీరు దూరగల చోట్లు కానిస్టర్‌కు ఎక్కువే. కార్డ్‌లెస్‌కు అవి ఒకటో రెండో. ఈ విషయంలో కార్డ్‌లెస్ పక్షం వహించేవారి వాదన నిజమే, కాదనడానికి లేదు.

కాని ఆ వాదనకు రెండో వైపు కూడా ఉంది. మూత తెరవకుండా ఛార్జ్ చేయగల కానిస్టర్‌ను వారాల తరబడి తెరవనవసరం ఉండదు. సెల్ మార్చుకునే కార్డ్‌లెస్‌ను మాత్రం డైవ్ డైవ్‌కూ తెరవాలి. ఊగుతున్న పడవ మీద, తడి చేతులతో మూత విప్పి, ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుకో ఇసుక రేణువో ఉండిపోయినా మళ్లీ బిగిస్తే, ఎన్ని తక్కువ చోట్ల నుంచి నీరు రాగలదన్న లెక్క ఎవరిని కాపాడుతుంది? ఓ-రింగ్‌ను వేలి కొనతో ఒక చుట్టు తడిమి, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి, మూత సరిగా కూర్చుందని చూసుకునే ఓపిక లేనివారు బయటి నుంచే ఛార్జ్ అయ్యే మోడల్‌ను తీసుకోవడం మేలు.

లాంగ్ హోస్ విషయం కొత్తవారికి తట్టదు. 7 అడుగుల లాంగ్ హోస్‌ను వాడే అమరికలో ఆ హోస్ కుడి భుజం వెనుక నుంచి కిందికి దిగి, కుడి తుంటి మీది కానిస్టర్ కింది నుంచి మలుపు తిరిగి, ఛాతీ మీదుగా పైకి వెళ్లి మెడ చుట్టూ వస్తుంది. కానిస్టర్ ఇక్కడ బ్యాటరీ డబ్బాయే కాదు, హోస్‌ను క్రమంలో ఉంచే మేకు కూడా. దాన్ని తీసేసి కార్డ్‌లెస్‌కు మారినవారి హోస్ నడుము దగ్గర ఉచ్చులా బయటికి వేలాడుతూ కనిపిస్తుంది. మిగిలిన పొడవును నడుము బెల్టు కిందికి దోపుకోవచ్చు, లేదా అదే చోట చిన్న పర్సులాంటిది తగిలించి దాని కింది నుంచి పోనివ్వవచ్చు. ఏది చేసినా, గ్యాస్ అయిపోయిన సహచరుడికి రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గ్యాస్ పీల్చే పరికరం) అందించే సాధనను కొత్త అమరికతో మళ్లీ మొదటి నుంచీ చేయాలి. దోపిన హోస్ ఒక్క లాగుకు బయటికి వస్తుందని చూసుకున్నాకే లోతుకు వెళ్లాలి. కానిస్టర్ తీసేస్తే పోయే బరువుకు తగ్గట్టు సీసపు బరువులను సరిచేసుకోవడం కూడా ఇందులో భాగమే.

మరోవైపు, చేతిలో కేబుల్ ఉన్నవారికి గ్యాస్ అందించేటప్పుడే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఎడమ చేతి గుడ్‌మన్ హ్యాండిల్ (లైటును చేతి వెనుక నిలిపే పిడి) నుంచి కుడి తుంటికి పోయే కేబుల్, ఛాతీ మీదుగా పోయే హోస్ ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. కేబుల్ హోస్‌కు పైన పడి ఉంటే ఇచ్చిన రెగ్యులేటర్ సగం దారిలో ఆగిపోతుంది. శిక్షణలో దీన్ని పదేపదే చేయించేది అందుకే. స్టేజ్ సిలిండర్‌ను (పక్కన తగిలించుకునే అదనపు సిలిండర్‌ను) తగిలించేటప్పుడు, విప్పేటప్పుడు కూడా కేబుల్ బోల్ట్ స్నాప్ (తగిలించే కొక్కెం) కింద ఇరుక్కునే గుణం కలది. కార్డ్‌లెస్‌కు ఈ బాధ లేదు. సహచరుడి లైటు పోతే చేతిలోది తీసి అతనికి ఇచ్చేయవచ్చు కూడా. అలాగే జారిపోనూవచ్చు. కానిస్టర్ హెడ్ చేయి జారితే కేబుల్‌కు వేలాడుతుంది, కార్డ్‌లెస్ చేయి జారితే అడుగుకు పోతుంది, అందుకని దానికి బోల్ట్ స్నాప్ తప్పనిసరి.

చేతి మీది బరువు గురించి ఎవరూ కొనేముందు అడగరు. దుకాణంలో అరనిమిషం పట్టుకుంటే ఏ లైటూ బరువనిపించదు. ప్రైమరీ లైటు దారి చూపడానికే కాదు, మాట్లాడటానికి కూడా: నెమ్మదిగా గుండ్రంగా తిప్పితే అంతా బాగుందని, వేగంగా అటూ ఇటూ ఊపితే ప్రమాదమని అర్థం. వెనుక ఉన్న సహచరుడి కిరణం నా ముందు గోడ మీద ఎలా కదులుతోందన్న దాన్ని బట్టి అతని ప్రశాంతత నాకు తెలుస్తుంది. మణికట్టు అలసినవారి కిరణం వణుకుతుంది, కిందికి వాలుతుంది, అనవసరంగా ఊగుతుంది, వెనుకవారిని కలవరపెడుతుంది. బరువు పిడికిలికి ముందు వేలాడేలా ఉన్న పొడవాటి కార్డ్‌లెస్ కన్నా, సెల్‌లు వేళ్ల మీదుగా అడ్డంగా లేదా చేతి వెనుకకు సర్దుకునే పొట్టి మోడల్ ఎంతో నయం. డ్రైగ్లోవ్స్ (నీరు చొరని గ్లోవ్స్) వేసుకునేవారు హ్యాండిల్‌ను గ్లోవ్స్‌తోనే తొడిగి చూడాలి.

అన్నిటికన్నా నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. గుహల్లో కనీసం మూడు లైట్లు ఉండాలన్నది, ఒక ప్రైమరీ, రెండు బ్యాకప్‌లు, అందరూ ఒప్పుకున్న నియమం. దాని వెనుక ఉన్న ఆలోచన, ఒకటి పోయిన కారణం మిగతావాటిని తాకకూడదన్నది. కానిస్టర్ రోజుల్లో ఇది దానంతట అదే జరిగేది: ప్రైమరీకి పెద్ద రీఛార్జబుల్ బ్యాటరీ, బ్యాకప్‌లకు దుకాణంలో దొరికే మామూలు సెల్‌లు. ఇప్పుడు మూడు లైట్లలోనూ ఒకే రకం 18650 సెల్‌లు, ఒకే ఛార్జర్, ఒకే రాత్రి ఛార్జింగ్ అయితే, ఆ ఛార్జర్ మొరాయించినా, ఆ సెల్‌లన్నీ ఒకేసారి ముసలివైనా మూడూ కలిసే దెబ్బతింటాయి. కార్డ్‌లెస్ ప్రైమరీ తీసుకునేవారు కనీసం ఒక బ్యాకప్‌ను మార్చి పారేసే సెల్‌లతో నడిచేదిగా ఉంచుకోవాలని నా గట్టి సలహా. రెండు సమానమైన కార్డ్‌లెస్ లైట్లు కొని ఒకదాన్ని ప్రైమరీ, మరొకదాన్ని బ్యాకప్ అనుకునేవారి తర్కం నాకు అర్థమవుతుంది గాని, బ్యాకప్‌కు ముందుగా కావలసినది వెలుగు కాదు, వేరుగా చెడిపోయే గుణం.

రీబ్రీదర్ (వదిలిన గ్యాస్‌ను శుభ్రం చేసి తిరిగి పీల్చనిచ్చే పరికరం) వాడేవారికి, సైడ్‌మౌంట్ (సిలిండర్లను వీపున కాక పక్కల మోసే పద్ధతి) వారికి లెక్క వేరు. తుంటి పక్కన బెయిలౌట్ (ఆపదలో వాడే) సిలిండర్లు వేలాడుతుంటే కానిస్టర్‌కు చోటే ఉండదు. వీపు వెనుకకో, నడుము వెనుక ప్లేట్‌కో మార్చాలి, అప్పుడు కేబుల్ పొడవు, దారి రెండూ కొత్త తలనొప్పులు. సైడ్‌మౌంట్‌లో ఇరుకు చోట్లకు దూరేవారు కార్డ్‌లెస్ వైపే మొగ్గడం సహజం. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది చల్లని నీటిలో పొడవైన డీకంప్రెషన్: అక్కడ కానిస్టర్ బ్యాటరీ లైటును వెలిగించడంతో ఆగకుండా, నీటిలోనే కలపగల కనెక్టర్ ద్వారా డ్రైసూట్ లోపలి హీటింగ్ వెస్ట్‌కు కూడా కరెంటు ఇవ్వగలదు. ఈ ఒక్క పనికి కార్డ్‌లెస్ వద్ద జవాబు లేదు.

విమాన ప్రయాణం ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. 100 వాట్-అవర్ల లోపు లిథియం బ్యాటరీకి సాధారణంగా అభ్యంతరం ఉండదు, 100 నుంచి 160 మధ్య ఉన్నదానికి విమాన సంస్థ అనుమతి కావాలి, అంతకు మించినది ప్రయాణికుల సామానులో కుదరదు; విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. పెద్ద కానిస్టర్ కొనేముందు దాని మీద రాసి ఉన్న వాట్-అవర్ల అంకెను చదవండి.

ఏది తీసుకున్నా, నీటిలోకి దిగేముందు ఒక పరీక్ష చేయండి. బకెట్ నిండా చల్లని నీళ్లు పోసి, పూర్తిగా ఛార్జ్ చేసిన లైటును అందులో ముంచి, డైవ్‌లో వాడబోయే మెట్టులోనే వెలిగించి, గోడ మీది వెలుగును పది నిమిషాలకొకసారి ఫోన్ కెమెరాలో ఒకే ఎక్స్‌పోజర్‌తో ఫొటో తీస్తూ పోండి. గాలిలో వెలిగించి చూడకండి, ఈ లైట్లు చల్లబడటానికి నీటినే నమ్ముకుంటాయి. కాంతి మొదటిసారి మెట్టు దిగిన నిమిషాన్ని మార్కర్‌తో లైటు మీదే రాసుకుని, డైవ్ ప్లాన్‌లో ఆ అంకెనే వాడండి. సంవత్సరానికోసారి మళ్లీ చేసి, సెల్‌లు ఎంత ముసలివయ్యాయో చూసుకోండి. పాత హెచ్ఐడీ కానిస్టర్ ఉన్నవారు దాన్ని అమ్మేసే ముందు, కొత్త సెల్ ప్యాక్, ఎల్ఈడీ హెడ్ దానికి పడతాయేమో కనుక్కోండి. పడితే కొత్త లైటు కొనవలసిన పనే ఉండకపోవచ్చు.