బోరు పక్కన బొక్కెనాకు

మా ఇంట్లో బోరు దగ్గర, గిన్నెలు తోమే గట్టు కింద, ఎప్పుడూ చెమ్మగా ఉండే జాగా ఒకటుంది. సిమెంటు చేయించేద్దాం అన్నారు ఇంట్లో. నేను ఒప్పుకోలేదు. కాలవగట్టు మీంచి జానెడేసి బొక్కెనాకు తీగలు ఓ పది తెచ్చి అక్కడ పరిచాను, మూడు వానాకాలాలు గడిచేసరికి మట్టి కనపడకుండా అల్లుకుపోయింది.

చేల గట్ల మీద, చెరువుల ఒడ్డున దీన్ని మీరూ తొక్కుకుంటూ వెళ్ళే ఉంటారు. ఆకు చివరి సగంలోనే రంపం పళ్ళుంటాయి. పువ్వుని మాత్రం గొంతుక్కూర్చుని చూడాలి: అగ్గిపుల్ల తలంత ఊదారంగు గుండు, దాని నడుముకి ఉంగరం తొడిగినట్టు తెల్లటి బుల్లి పూలు. కింది వరస వాడుతుంటే పై వరస విచ్చుకుంటుంది, అలా ఆ ఉంగరం కొద్దికొద్దిగా పైకి జరుగుతుంది. పొద్దెక్కేసరికి చిన్న తేనెటీగలు, గోరంత నీలి సీతాకోకచిలుకలు వాలిపోతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పీకాక్ పాన్సీ. నారింజ రంగు రెక్కల మీద నెమలికన్నుల్లాంటి పెద్ద చుక్కలుండే సీతాకోకచిలుక. అది తేనె తాగి పోవడమే కాదు, ఈ మొక్క మీద గుడ్లు కూడా పెడుతుంది, దాని పిల్లలకి ఈ ఆకే తిండి. వానాకాలంలో పుట్టినవాటికి రెక్కల అడుగున కూడా కళ్ళుంటాయి, ఎండు రోజుల్లో పుట్టినవి రెక్కలు ముడిస్తే అచ్చం ఎండుటాకే. జనవరిలో ఒకటి నా చెప్పు పక్కనే వాలి ఉన్నా ఎగిరేదాకా తెలియలేదు.

అందుకే ఆకులకి చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి, ఆ ముళ్ళ ముళ్ళ నల్ల గొంగళిపురుగుల కోసమే కదా పెంచుతున్నది. పోయినేడు నేను ఊళ్ళో లేనప్పుడు తోటపనికి వచ్చినతను కలుపనుకుని గడ్డిమందు కొట్టేశాడు. తిరిగొచ్చి చూస్తే సగం మడి మాడిపోయి ఉంది, పురుగులు ఒక్కటీ లేవు, రెండ్రోజులు అన్నం సహించలేదు. బతికిన అంచు నుంచే మళ్ళీ పాకించుకున్నాను.

పెంచడం తేలిక. తీగని నేల మీద పడుకోబెట్టి కణుపుల దగ్గర కాస్త మట్టి నొక్కితే చాలు, ప్రతి కణుపూ వేరు పోసుకుంటుంది. రెండు వారాలు తడి ఆరనివ్వకండి. ఎండ బాగా తగలాలి, నీడలో బతుకుతుంది గానీ పూలు తక్కువ. పాములొస్తాయని అమ్మ భయపడింది, కానీ ఇది చీలమండ ఎత్తు కూడా లేవదు, దాని మీద ఏం పాకినా ఇట్టే కనిపిస్తుంది. దీని దూకుడు మాత్రం తక్కువ కాదు, పక్కన కొత్తిమీర మడి ఉంటే మధ్యలో ఇటుకలు లోతుగా పాతండి, లేదంటే మింగేస్తుంది.

దీనికోసం నర్సరీకి వెళ్ళక్కర్లేదు. తొలకరి పడ్డాక మందు కొట్టని గట్టు ఏదైనా చూసుకుని, అక్కడంతా పీకేయకుండా, నాలుగు ముక్కలు తెంపి తడిగుడ్డలో చుట్టి తెచ్చుకోండి.