ఊరి పాత దేవాలయానికి డబ్బు పంపే ముందు పిల్లలకు పని అప్పగించండి

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కతోలిక కుటుంబాల్లో చాలామందికి ఒక కోరిక ఉంటుంది. కాస్త నిలదొక్కుకున్నాక, అమ్మానాన్నల పేరు మీద సొంత ఊరి దేవాలయానికి ఏదైనా చేయించాలి. గోడలకు కొత్త ప్లాస్టరింగ్, నేలకు గ్రానైట్, లోపల ఫాల్స్ సీలింగ్, బయట మెరిసే రంగులు. ప్రేమతో చేసే పనే ఇది. కానీ వందేళ్లు దాటిన సున్నపు కట్టడాలను అన్నిటికంటే ఎక్కువగా పాడుచేస్తున్నది ఆ ప్రేమతో పోసిన సిమెంటే. ఇక పిల్లల సంగతి. సెలవుల్లో వచ్చి, ఆ దేవాలయం ముందు ఫొటో దిగి, ఏసీ కారెక్కి వెళ్లిపోయే పిల్లలకు అది తాతగారి ఊళ్లో ఉన్న ఒక పెద్ద చర్చి, అంతే. వాళ్ల చేతికి టేపు, పెన్సిలు ఇచ్చి ఒక గోడ అప్పగిస్తే ఈ రెండు సమస్యలకూ ఒకేసారి దారి దొరుకుతుంది.

ముందు వాళ్లకు ఊరికీ తామున్న చోటికీ మధ్య దారి చూపించండి. లండన్‌లో పెరుగుతున్న గుంటూరు పిల్లలకు మిల్‌హిల్ అంటే నగరానికి ఉత్తరాన ఉన్న ఒక పేట. 1866లో అక్కడ మొదలైన కతోలిక గురువుల (ఫాదర్ల) సభే 1875 నుంచి నెల్లూరు, గుంటూరు ప్రాంతాలకు గురువులను పంపింది. ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం కట్టించిన డీక్‌మన్ ఫాదర్‌గారు ఆ సభవారే. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ దేవాలయాన్ని 1850 నాటికి కట్టించిన ఐర్లండ్ గురువు డేనియల్ మర్ఫీ, తర్వాత టాస్మేనియాకు వెళ్లి హోబర్ట్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) అయ్యారు. ఇటలీలో ఉన్నవాళ్లకు మిలాన్ ఉంది. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ కతీడ్రల్ కట్టినవాళ్లు, గుణదల కొండ మీద మరియమాత క్షేత్రానికి 1924లో నాంది పలికిన ఆర్లాటి ఫాదర్‌గారు మిలాన్‌లో మొదలైన గురువుల సభవారే. ‘మన ఊరు వేరు, మనం ఉండే దేశం వేరు’ అని పిల్లలు గీసుకున్న గీత ఈ ఒక్క సంగతితో చాలావరకు చెరిగిపోతుంది. అయితే ఇక్కడితో ఆగకూడదు. ఫాదర్‌గారు గీయించిన ప్రకారం ఇటుక పేర్చిందీ, సున్నం నూరిందీ, టేకు దూలం మోసిందీ ఊరి మేస్త్రీలూ కూలీలూ. పిల్లలకు వాళ్ల గురించి కూడా చెప్పాలి.

ఇక గోడ. ఆ కాలపు దేవాలయాలను ఇటుకతోనో రాయితోనో, డంగు సున్నంతో కట్టారు. సున్నం, ఇసుక, ఇటుక పొడి గానుగలో వేసి తిప్పి మెత్తగా నూరితే వచ్చేదే డంగు సున్నం. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలపడం కూడా వాడుకే. ఇలాంటి గోడ తేమను పీలుస్తుంది, మళ్లీ బయటికి వదులుతుంది. వానాకాలంలో తడిసి ఎండాకాలంలో ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే నేలలోంచి ఎక్కే తేమకు బయటికి దారి ఉండదు. అది ఇంకా పైకి ఎక్కుతుంది, తనతో ఉప్పును మోసుకెళ్తుంది. ఆ ఉప్పు పూత వెనక గడ్డకట్టి, ఇటుకను పొడిపొడిగా రాలుస్తుంది. రెండు మూడేళ్లలో ప్లాస్టరు ఉబ్బి పెచ్చులూడుతుంది. ‘సిమెంటు పాళ్లు తక్కువయ్యాయి’ అంటూ ఇంకా గట్టిగా పూస్తారు. ఈసారి పెచ్చుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడి వస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ రంగులు చేసేదీ ఇదే, కాస్త నెమ్మదిగా.

పదేళ్ల పిల్లలు కూడా చేయగల పని ఇక్కడ ఒకటుంది. గ్రాఫు కాగితం మీద 1:50 కొలతలో, అంటే గోడ మీద అర మీటరు కాగితం మీద ఒక సెంటీమీటరు అయ్యేలా, ఒక గోడ గీయమనండి. తలుపులు, కిటికీలు కొలిచి పెట్టాలి. తర్వాత తడి మరకలకు నీలం, తెల్లగా ఉప్పు పూసిన చోట పసుపు, వేలితో తడితే బోలుగా మోగే చోట ఎరుపు వేయాలి. నీలం నేల నుంచి ఇంచుమించు ఒక మీటరు వరకు సమంగా ఉంటే తేమ కింది నుంచి ఎక్కుతున్నట్టు. పై నుంచి నాలుకల్లా దిగుతుంటే కప్పులోనో, నీటి గొట్టంలోనో లోపం ఉంది. కిటికీ కింద మాత్రమే ఉంటే వాన నీళ్లు గడప రాతి మీదుగా లోపలికి వస్తున్నాయి. ఈ బొమ్మ లేకుండా కాంట్రాక్టరు అంచనా వేస్తే ‘గోడలన్నీ చెక్కి మళ్లీ పూయడం’ అనే వస్తుంది. బొమ్మ ఉంటే అది ‘తూర్పు వైపు నీటి గొట్టం మార్చడం’తో సరిపోవచ్చు.

పగుళ్ల దగ్గర ఇంకొంచెం ఓపిక కావాలి. గుంటూరు, పల్నాడు వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాంతో పాటు గోడ పగులు కూడా తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. పగులుకు అటూ ఇటూ, 10 సెంటీమీటర్ల దూరంలో రెండు పెన్సిలు గుర్తులు పెట్టి, తేదీ రాసి, వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. మేలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి, కనీసం రెండేళ్లు. విదేశంలో ఉన్న పిల్లలు పట్టిక నడపాలి, ఊళ్లో ఉన్న పెదనాన్న పిల్లలు కొలిచి వాట్సాప్‌లో పంపాలి. ఏడాదికోసారి కలిసినప్పుడు మాటలు వెతుక్కునే అన్నదమ్ముల బిడ్డలకు దీనివల్ల మాట్లాడుకోవడానికి ఒక పని దొరుకుతుంది, అదీ తెలుగులో. పగులు తెరుచుకుని మూసుకుంటుంటే సున్నంతో నింపితే చాలు. మూసుకోకుండా పెరుగుతూనే ఉంటే పూతపని ఆపి, పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి.

బాగుచేసే వరస కూడా ముఖ్యం. ముందు నీళ్లు, ఆ తర్వాతే గోడ. దేవాలయం చుట్టూ కాలక్రమంలో పోసిన మట్టి, కాంక్రీటు వల్ల బయటి నేల లోపలి నేల కంటే ఎత్తయిపోయి ఉంటుంది. దాన్ని తవ్వి, బయటి నేల లోపలి నేల కంటే కనీసం 15 నుంచి 20 సెంటీమీటర్లు కిందికి ఉండేలా, వాలు బయటికి పోయేలా చేయాలి. గోడను ఆనుకుని ఉన్న కాంక్రీటు పట్టీ తీసేయాలి. అయితే పునాది ఎంత లోతుందో చూడకుండా తవ్వకూడదు. ముందు ఒకచోట చిన్న గుంట తీసి చూడాలి. తర్వాత సిమెంటు పూతను చిన్న ఉలితో, నెమ్మదిగా తీయాలి. డ్రిల్లింగ్ మిషన్ పెడితే ఇటుక పగులుతుంది. తీశాక గోడను కనీసం ఒక ఎండాకాలమంతా అలాగే వదిలేయాలి. ఎన్నారై దాతలతో చిక్కు ఇక్కడే. ‘డిసెంబర్‌లో వస్తున్నాం, క్రిస్మస్‌కి అయిపోవాలి’ అంటారు. గోడ ఆరకముందే పూసినది మళ్లీ రాలుతుంది.

కొత్త పూతకు 1 పాలు సున్నం, 1 పాలు ఇటుక పొడి, 2 పాళ్లు ఇసుకతో మొదలుపెట్టవచ్చు. కానీ పాత పూత ముక్కను ల్యాబులో చూపించి, దాన్ని బట్టి పాళ్లు సరిచేయాలి. ఆ ముక్కను గోరుతో గీస్తే గీత పడి, తెల్లగానో లేత గులాబీగానో ఉంటే అది సున్నం. బూడిద రంగులో ఉండి గోరు దిగకపోతే సిమెంటు. వెనిగర్ చుక్క వేసి చూస్తే సరిపోదు, రెండూ పొంగవచ్చు. ఒక పొర 10, 12 మిల్లీమీటర్లకు మించకూడదు. మందంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి చీలుతుంది. పది రోజులైనా తడి గోనెపట్టాలు కప్పి ఉంచాలి. మే ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. వానలు వెనక్కి తగ్గాక, నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు మంచి కాలం. బెల్లం, కరక్కాయ మోతాదు మేస్త్రీకో తీరుగా ఉంటుంది కాబట్టి, ముందు ఎవరూ చూడని వెనక గోడ మీద మీటరు చదరం పూయించి, ఒక వానాకాలం గడిచాక చూడండి. పైన రంగుకు బదులు సున్నం కొట్టించండి. పాలలా పలచగా, మూడు నుంచి ఐదు సార్లు, ప్రతిసారీ గోడ తడిపి. పిల్లలు బ్రష్ పట్టుకోవచ్చు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉంటేనే. సున్నం నీళ్లలో వేసి ఉడుకుతున్నప్పుడు మాత్రం వాళ్లను ఆ దరిదాపుల్లో ఉంచకండి. కంట్లో పడితే వెంటనే పావుగంట పాటు మంచినీళ్లతో కడుగుతూ ఉండి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

స్వరూపాల (విగ్రహాల) విషయంలో ఒక్క మాట. మరియమాత, బాలయేసు పాత స్వరూపాలకు తిరునాళ్ల ముందు ఎనామిల్ రంగు వేయించడం చాలాచోట్ల అలవాటు. ప్రతి పొరకూ ముఖంలోని గీతలు పూడుకుపోతాయి, ఆఖరికి కళ్లు, పెదవులు బొమ్మకొలువు బొమ్మలా తయారవుతాయి. కతోలిక తిరుసభ చట్టం 1189వ నిబంధన ప్రకారం, పాతవో కళాత్మకమైనవో భక్తులు గౌరవించేవో అయిన స్వరూపాలను పీఠాధిపతి (బిషప్) వంటి అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా బాగుచేయకూడదు. ఆయన కూడా నిపుణులను అడిగాకే అనుమతి ఇవ్వాలి. దాతగా ఆ కాగితం చూపించమని విచారణ (పారిష్) గురువులను మర్యాదగా అడగడం తప్పు కాదు. గంటలకూ ఇదే జాగ్రత్త కావాలి. కంచు గంటకు పగులు వస్తే ఊరి వెల్డింగ్ షాపుకు ఇవ్వకండి. మామూలు వెల్డింగ్ వేడికి పగులు ఇంకా పాకుతుంది.

హైస్కూలు వయసు పిల్లలకు జ్ఞానస్నాన పుస్తకాలు మంచి పని. పాతవి లాటిన్‌లో ఉంటాయి. ‘నాతుస్’ పక్కన పుట్టిన తేదీ, ‘పత్రీనుస్’ పక్కన జ్ఞానతండ్రి పేరు వెతకాలి. నాలుగు పుటలు చదివితే చేతిరాత అలవాటవుతుంది. విచారణ గురువుల అనుమతితో, వాళ్ల ఆఫీసులోనే, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయాలి. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. అట్ట పూర్తిగా విరిచి తెరవకుండా రెండు వైపులా మడత తువ్వాళ్లు ఆనించాలి. ముందు అట్ట, తర్వాత ప్రతి పుట వరసగా, ఖాళీ పుటలు కూడా. ఫైలు పేరులో సంవత్సరం, పుట సంఖ్య ఉండాలి. చిరిగిన చోట సెల్లోటేపు వేయకూడదు, లామినేషన్ అసలే వద్దు. ఆ జిగురు కాగితాన్ని పసుపుగా మార్చి తినేస్తుంది. బతికున్నవాళ్ల పేర్లున్న పుస్తకాలు నెట్‌లో పెట్టకండి. పుటల్లో కులం పేర్లు కనిపిస్తే పిల్లలు అడుగుతారు. సమాధుల తోటలో వరసలు ఎందుకు వేరుగా ఉన్నాయో కూడా అడుగుతారు. దాటవేయకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దేవాలయ చరిత్రలో అదీ భాగమే, దాచి చెప్పిన చరిత్రను పెద్దయ్యాక పిల్లలు నమ్మరు.

సమాధి రాళ్ల మీద రాతలు చెరిగిపోతుంటే ఇనుప బ్రష్, యాసిడ్ ముట్టకండి. సాయంత్రం టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే పగలు కనిపించని అక్షరాలు కూడా లేస్తాయి. అప్పుడు ఫొటో తీస్తే చాలు.

డబ్బు పంపే పద్ధతిలో చాలామందికి తెలియనిది ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది విదేశీ విరాళం కాదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లు ఇచ్చేది మాత్రం విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలోని ప్రత్యేక ఖాతాలోకే రావాలి. ఒక సంస్థ తీసుకున్నది మరో సంస్థకు మళ్లించడం కూడా కుదరదు. అందుకే మేత్రాసనం (డయోసిస్) తీసుకుంటుందా, విచారణ తీసుకుంటుందా అన్నది ముందే తేల్చుకోండి. ‘బావగారి ఖాతాలో వేస్తాం, ఆయన ఫాదర్‌గారికి ఇస్తారు’ అనే దారి పట్టకండి. ఇబ్బంది వచ్చేది విచారణకు.

మొత్తం డబ్బు ఒకేసారి ఖర్చయ్యేలా కూడా పంపకండి. కొంత పక్కన పెట్టి, ఏటా జూన్‌కు ముందు నీటి గొట్టాల్లో ఆకులు తీయించడం, కప్పు మీద మొలిచిన రావి మొక్కలు వేరుతో సహా పీకించడం, జారిన పెంకులు సర్దించడం, తలుపుల అడుగున చెదలు చూడడం లాంటి వాటికి కేటాయించండి. రావి మొక్కను చిన్నప్పుడే తీస్తే గంటసేపు పని. రెండు వానాకాలాలు వదిలేస్తే వేరు గోడలోకి దిగి ఇటుకలు విప్పాల్సి వస్తుంది. ఆ వారం తీసిన ఫొటోలు పంపమని ఊళ్లో పిల్లలకు చెప్పండి. తేదీలతో వాటిని దాచే బాధ్యత, పక్కన ఎవరు ఏ పని చేశారో, ఏ సున్నం ఎక్కడి నుంచి తెచ్చారో తెలుగులో రాసే బాధ్యత మీ ఇంట్లోని పిల్లలకు ఇవ్వండి. ఆ పుస్తకం ఒక ప్రతి విచారణ ఆఫీసులో, ఒకటి మీ ఇంట్లో ఉండాలి.