గంధకం లెక్క, చేంజ్‌ఓవర్ లెక్క

వరంగల్, కరీంనగర్ కాలేజీల్లో మెకానికల్ బీటెక్ చేసి జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్) కోర్సుకు పోయే తమ్ముళ్ల కోసం ఈ పోస్టు. ఓడ ఆయిల్‌లో సల్ఫర్ (గంధకం) లిమిట్ ఎంతని అడిగితే అందరూ టకటకా చెప్తారు: 2020 జనవరి 1 నుంచి ప్రపంచమంతా 0.50 శాతం, ఎమిషన్ కంట్రోల్ ఏరియాల్లో (పొగ మీద గట్టి రూల్సున్న సముద్ర ప్రాంతాల్లో) 0.10 శాతం. ఆ ఏరియాలోకి పోయే ముందు తక్కువ సల్ఫర్ ఆయిల్‌కు మారాలి, దాన్నే చేంజ్‌ఓవర్ అంటారు. 'సరే, వాల్వు తిప్పినంక 0.10కి రావడానికి ఎన్ని గంటలు?' అని అడిగితే మాత్రం నోరు పెగలదు. ఇంజిన్ రూంలో పని మొత్తం ఆ రెండో ప్రశ్నలోనే ఉంది.

ముందు అంకెలు ఎంత పెద్దవో చూద్దాం. హన్మకొండ బంకులో పోసే బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు మించొద్దు, అంటే టన్నుకు 10 గ్రాములు. గంధకం కాలితే దాదాపు రెట్టింపు బరువు సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది, అంటే 20 గ్రాములు. 0.50 శాతం ఓడ ఆయిల్ టన్ను కాలిస్తే 10 కిలోలు. 2020కి ముందు ఒప్పుకున్న 3.50 శాతం ఆయిల్ అయితే 70 కిలోలు. పేరుకు 'లో సల్ఫర్' గానీ, మన లారీ డీజిల్‌తో పోలిస్తే ఇప్పటికీ 500 రెట్లు.

ఇక చేంజ్‌ఓవర్. వాల్వు తిప్పగానే పాత ఆయిల్‌ను కొత్తది నెట్టేసుకుంటూ పోతుందనుకుంటారు. అట్ల జరగదు. ఇంజిన్ కాల్చేదానికంటే ఎక్కువ ఆయిల్‌ను సర్క్యులేటింగ్ పంపు తిప్పుతుంటుంది. కాలగా మిగిలింది రిటర్న్ లైన్‌లో మిక్సింగ్ ట్యాంకుకు వచ్చి కొత్తదాంట్లో కలుస్తుంది. అంటే పాతది మెల్లగా పలచబడుతుంది, అంతే. లెక్క ఇది: సిస్టమ్‌లో ఉన్న ఆయిల్‌ను గంట వాడకంతో భాగించాలి. దాన్ని (పాత సల్ఫర్ − కొత్త సల్ఫర్) ÷ (0.10 − కొత్త సల్ఫర్) అనే భిన్నం సహజ లాగరిథమ్‌తో గుణించాలి.

సిస్టమ్‌లో 2 టన్నులు, వాడకం గంటకు 1 టన్ను, పాత ఆయిల్ 0.45 శాతం అనుకోండి. ఎంజీవోలో (మెరైన్ గ్యాస్ ఆయిల్, అంటే మనం మారే తక్కువ సల్ఫర్ ఆయిల్) సల్ఫర్ 0.05 ఉంటే భిన్నం 8, లాగరిథమ్ 2.08, టైము 4.2 గంటలు. అదే ఎంజీవో 0.09 ఉంటే భిన్నం 36, టైము 7.2 గంటలు. రెండూ రూలు ప్రకారం మంచి ఆయిల్‌లే, తేడా మాత్రం మూడు గంటలు. 14 నాట్ల స్పీడుకు అది 42 నాటికల్ మైళ్లు. అందుకే బంకర్ డెలివరీ నోట్‌లో (ఓడకు ఆయిల్ పోసినప్పుడు ఇచ్చే కాగితంలో) '0.10 లోపే' అని చూసి ఊరుకోవద్దు, అసలు అంకె తీసుకోవాలి.

2025 మే 1 నుంచి మధ్యధరా సముద్రంలోనూ 0.10 శాతమే. మన దేశం నుంచి సూయెజ్ మీదుగా యూరప్ పోయే ఓడ కాల్వ దాటి పోర్ట్ సయీద్ బయటికి వచ్చేసరికి మారి ఉండాలి. కాల్వలో మారుద్దామనుకుంటే దెబ్బతింటారు. అక్కడ స్పీడు తక్కువ, వాడకం తక్కువ, లెక్కలో గంటలు పెరుగుతాయి. పైగా ఇంజిన్ మొరాయిస్తే ఇరుకు కాల్వలో ఓడ అడ్డం పడుతుంది. ఎర్ర సముద్రంలోనే ముగించి, ముందుకూ వెనక్కూ స్టార్ట్ టెస్ట్ చేసుకోవడం మేలు.

వేడి సంగతికి వస్తే, నిమిషానికి 2 డిగ్రీలకు మించి మారనీయొద్దు. 120 నుంచి 40కి దిగాలంటే తక్కువలో తక్కువ 40 నిమిషాలు. ఫ్యూయల్ పంపులో ప్లంజర్‌కు (ఆయిల్‌ను నెట్టే కడ్డీకి), అది ఆడే బ్యారెల్‌కు మధ్య ఉండే సందు మైక్రాన్లలో. చల్లటి ఆయిల్ ఒక్కసారిగా తగిలితే రెండూ ఒకేలా కుంచించుకుపోవు, ప్లంజర్ పట్టేస్తుంది. లోడ్ తగ్గించి, హీటర్ స్టీమ్ కట్ చేసి, ఆ తర్వాతే ఎంజీవో ఇవ్వాలి. ట్రేసింగ్ స్టీమ్ (ఆయిల్ పైపును వేడిగా ఉంచే ఆవిరి లైన్) వాల్వు మూసినా లోపల లీకవుతూ ఉంటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. పైపును చేత్తో కాదు, టెంపరేచర్ గన్‌తో చూడండి. ఎంజీవో వేడెక్కి ఇంజిన్ ఇన్‌లెట్ దగ్గర దాని చిక్కదనం 2 సెంటీస్టోక్స్ కిందికి పోతే ప్లంజర్ పక్కనుంచి జారిపోతుంది. పంపులు కాస్త అరిగి ఉంటే ఇంజిన్ తక్కువ స్పీడులో స్టార్టే కాదు.

రెండు ఆయిల్‌లకు పొసగకపోతే ఆస్ఫాల్టీన్లు (ఆయిల్‌లోని తారు లాంటి బరువైన పదార్థాలు) విడిపోయి స్లడ్జ్ (మడ్డి) అవుతుంది. ఆటో ఫిల్టర్ మాటిమాటికీ బ్యాక్‌ఫ్లష్ అవుతుంటే (తనను తాను కడుక్కుంటుంటే) అది మొదటి గుర్తు. సిలిండర్ ఆయిల్ కూడా మార్చాలి. 0.10 మీద ఎక్కువ రోజులు బీఎన్ 100 (బీఎన్ అంటే ఆమ్లాన్ని విరిచే క్షార శక్తి) ఆయిల్ పోస్తే మిగిలిన కాల్షియం పిస్టన్ క్రౌన్ మీద గట్టిగా పేరుకుని లైనర్‌ను గీకుతుంది, స్కఫింగ్ (లోహం లోహానికి రాసుకుని గీట్లు పడడం) మొదలవుతుంది.

చేంజ్‌ఓవర్ అయిపోయాక తేదీ, టైము, ఓడ ఉన్న చోటు, ఒక్కో ట్యాంకులో ఎంత లో సల్ఫర్ ఆయిల్ ఉందో లాగ్‌లో రాయాలి. ఇన్‌స్పెక్టర్ మొదట అడిగేది అదే.

సల్ఫర్ తగ్గినంత మాత్రాన నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గవు. వాటికి వేరే లిమిట్లు, మెట్లు మెట్లుగా (టియర్లు): 130 ఆర్పీఎం లోపు ఇంజిన్‌కు టియర్ టూలో 14.4 గ్రాములు, టియర్ త్రీలో 3.4 గ్రాములు, కిలోవాట్ గంటకు. టియర్ త్రీ కోసం ఎస్సీఆర్‌లో (క్యాటలిస్ట్‌తో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించే పరికరంలో) 40 శాతం యూరియా ద్రావణం కొడతారు. మన రామగుండంలో తయారయ్యేదీ యూరియానే కదా అనొచ్చు. పొలానికి వేసే ఆ బస్తా ఇక్కడ పనికిరాదు, వేపపూత, ఇతర మలినాలు క్యాటలిస్ట్‌ను పాడుచేస్తాయి. పొగ చల్లగా ఉన్నప్పుడు యూరియా కొడితే గంధకంతో కలిసి అమ్మోనియం బైసల్ఫేట్ జిగురుగా అంటుకుని క్యాటలిస్ట్ రంధ్రాలు మూసుకుపోతాయి. లోడ్ తగ్గినా డోసింగ్ ఆగకపోతే ముందు పొగ టెంపరేచర్ సెన్సర్‌నే అనుమానించండి.