కరెంటు బ్రష్షూ, ఊదారంగు పళ్ళూ

9.8 శాతం. ఇవాళ సాయంత్రం డెంటిస్ట్ కుర్చీలోంచి దిగుతూ నేను తెచ్చుకున్న మార్కు ఇది. పళ్ళ మీద పాచి ఎంత మిగిలిందో చూసే ఈ పరీక్షలో ఎంత తక్కువొస్తే అంత గొప్ప. ఐదు నెలల కిందట ఇదే కుర్చీలో నాకు 47 వచ్చింది. ఆ మధ్యలో జరిగిన కథ వేడిగా ఉండగానే రాసేస్తున్నాను. వారం ఆగితే సిగ్గుపడే ముక్కలన్నీ మింగేస్తానని నా భయం.

మొదలైంది ఒక గాడితో. ఎడమవైపు పై కోరపన్ను మొదట్లో, చిగురు అంచున, గోరు పెడితే ఆగేంత గాడి పడింది. చల్లనిది తగిలితే జివ్వుమని లాగేది. పుచ్చేమో, సిమెంటు పెట్టించుకుంటే సరిపోతుందని వెళ్ళాను. డాక్టర్ గారు అద్దం పెట్టి చూసి, "పుచ్చు కాదండీ, మీరే తోమి తోమి అరగదీశారు" అన్నారు. గట్టిగా తోమితేనే శుభ్రమని చిన్నప్పటి నుంచీ నా నమ్మకం. నా బ్రష్ మూడు వారాలకే చీపురుకట్టలా విచ్చుకునేది. అది కంపెనీ వాళ్ళ నాసిరకం పనితనమని తిట్టుకునేవాణ్ణి. ఛార్జింగ్ బ్రష్ కొనుక్కోండి, కానీ ఒత్తిడి ఎక్కువైతే హెచ్చరించేది చూసి మరీ కొనండి అని ఆవిడ చెప్పారు.

కొనడం పెద్ద పనేం కాదు, దాన్ని పెద్ద పని చేసేది అమ్మేవాళ్ళు. ఉన్నవి ప్రధానంగా రెండు జాతులు. ఒకదానికి చిన్న గుండ్రటి తల, అది అటు సగం ఇటు సగం తిరుగుతూ పంటిని చుట్టుకుంటుంది. రెండోది సోనిక్, మామూలు బ్రష్ లాగే పొడవు తల, చూస్తే కదుల్తున్నట్టే ఉండదు గానీ నిమిషానికి 31,000 దాకా కదలికలుంటాయి, తుమ్మెద ఝుంకారంలా మోగుతుంది. నాకు బ్రష్ చూపించిన కుర్రాడు ఈ వేల లెక్కలు చెప్పి చెప్పి నా బుర్ర తినేశాడు. తెల్లబరిచే మోడ్, నాలుక మోడ్, మసాజ్ మోడ్, ఫోన్‌కి కలిపే బ్లూటూత్. మోడ్ అంటే చాలావరకు అదే మోటారు కాస్త వేగంగానో నెమ్మదిగానో తిరగడం. పళ్ళు తోముకోవడానికి ఫోన్ ఎందుకు? నేనైతే మూడే చూసుకోమంటాను: రెండు నిమిషాల టైమరు, ఒత్తిడి చెప్పే సెన్సరు, మార్చుకునే తలలు ఎప్పుడూ దొరకడం. ఒక కంపెనీ తల మామూలుగా ఇంకో కంపెనీ పిడికి ఎక్కదు. ఒకే కంపెనీలో కూడా పాత రకం తల కొత్త రకానికి ఎక్కకపోవచ్చు. ఈ ముక్క ఆ కుర్రాడు మాత్రం చెప్పలేదు. నేను గుండ్రటి తలది తీసుకున్నాను.

ఛార్జరు స్టాండు చూసి మొదటిరోజు మోసపోయాననుకున్నాను. స్టాండుకి ఒక ప్లాస్టిక్ మేకు, పిడి అడుగున ఒక చిల్లు, ఎక్కడా లోహపు ముక్క కనపడదు. కరెంటు ఎలా ఎక్కుతుంది? స్టాండులో ఒక తీగచుట్ట, పిడిలో ఇంకో తీగచుట్ట ఉంటాయని, అయస్కాంత క్షేత్రం మీదుగా కరెంటు దాటుతుందని, తడి చేతుల్తో పట్టుకునే వస్తువు కాబట్టే అలా మూసేసి చేస్తారని మా అమ్మాయి చెప్పింది. ఇంటర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ వేసి పదికి పది తెచ్చుకున్నవాణ్ణి, నాకు తట్టలేదు.

అసలు నా పరువు పోవడం కస్టమర్ కేర్‌తో మొదలైంది. బ్రష్ నడుస్తూ నడుస్తూ మధ్యలో ఒకసారి "గ్ర్...గ్ర్" అని తడబడేది. మళ్ళీ మామూలుగా నడిచేది. కాసేపటికి మళ్ళీ తడబాటు. చివర్లో మరీ ఎక్కువ కొట్టుకునేది. బ్యాటరీ లోపమని తేల్చేశాను. ఫోన్ చేసి, ముప్పై సెకన్లకోసారి కక్కుతోందని, కొత్తది పంపించమని గొంతు పెంచాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా విని, "సార్, సరిగ్గా ముప్పై సెకన్లకేనా?" అంది. గడియారం పెట్టి మరీ చూశాను, సరిగ్గా ముప్పైకే అన్నాను గర్వంగా. "నోటిని నాలుగు భాగాలు చేసి ఒక్కో భాగానికి ముప్పై సెకన్లు సార్. ఇక పక్క భాగానికి మారమని చెప్పడానికే అది ఆగి నడుస్తుంది. రెండు నిమిషాలయ్యాక ఎక్కువసేపు చెబుతుంది. మాన్యువల్ మూడో పేజీలో ఉంది." మాన్యువల్ అట్టపెట్టెలో ఉంది, అట్టపెట్టె అటక మీద ఉంది. ఫోన్ పెట్టేశాక మా ఆవిడ వంటింట్లోంచి ఏమీ అనలేదు. అనకపోవడమే పెద్ద దెబ్బ.

అయినా బుద్ధి రాలేదు. మా బావమరిది, కరెంటు బ్రష్ బద్ధకస్తుల వేషాలని వెక్కిరించినప్పుడు వైద్య పరీక్షల ఫలితాలు పోగేసి తూచే కాక్రేన్ అనే సంస్థ వాళ్ళు 2014లో వేసిన సమీక్ష చూపించి నోరు మూయించాను. 56 పరీక్షల్ని పరిశీలించారు. మూడు నెలలు దాటాక మామూలు బ్రష్ కంటే పాచి 21 శాతం, చిగుళ్ళ వాపు 11 శాతం తక్కువ. ఈ అంకెలు అప్పజెప్పిన పది రోజులకే నా రెండో చెకప్.

క్లినిక్‌లో డాక్టర్ గారి దగ్గర పనిచేసే అమ్మాయి మా అమ్మాయి ఈడుదే. "మీ బ్రష్ తెచ్చారా సార్? రోజూ ఎలా తోముతారో అలాగే ఇక్కడ తోమి చూపించండి" అంది. ఇంట్లో వెళ్ళేముందు నాలుగు నిమిషాలు తోముకునే వెళ్ళాను, పరీక్షకి ముందురోజు రాత్రి చదివిన పిల్లాడిలా. వాష్‌బేసిన్ ముందు నిలబడి నా ప్రతాపం చూపించాను. మామూలు బ్రష్ తోమినట్టే ముందుకీ వెనక్కీ గబగబా రుద్దాను. ఆ పిల్ల పక్కకి వంగి బ్రష్ వెనకవైపు చూస్తోంది. "సార్, ఈ ఎర్ర లైటు రోజూ వెలుగుతుందా?"

వెలుగుతుంది. తోముకుంటున్నప్పుడు అద్దంలో ఎర్రగా కనపడుతూనే ఉంటుంది. అది ఛార్జింగ్ లైటని ఐదు వారాలుగా అనుకుంటున్నాను.

"మీరు ఎక్కువ నొక్కుతున్నారని చెప్పేది అదే సార్" అంది. డాక్టర్ గారు ఏది కొనమన్నారో, దేని కోసం కొన్నానో, సరిగ్గా ఆ ఒక్కటే నేను ఛార్జింగ్ లైటనుకున్నాను. నేను నొక్కినప్పుడు మోటారు మూలుగు మారేది, గొంతు బొంగురుపోయేది. పాపం కష్టపడి పనిచేస్తోందనుకునేవాణ్ణి. నిజానికి నేను నొక్కి నొక్కి దాన్ని ఆపేస్తున్నాను. తిరగాల్సిన తల తిరగడం మానేస్తే ఇక మిగిలింది నా చెయ్యే, అంటే పాత బ్రష్షే, కాకపోతే బరువెక్కువ.

అక్కడితో వదల్లేదు. ఒక మాత్ర ఇచ్చి నమలమంది. నమిలి, నోరంతా తిప్పి, ఉమ్మేసి, పుక్కిలించాక చేతికి అద్దం ఇచ్చింది. ఆ బిళ్ళలోని రంగు శుభ్రంగా ఉన్న పంటికి అంటదు, పాచికే అంటుకుంటుంది. కొత్త పాచి గులాబీ రంగుకి, ముదిరిన పాచి ఊదా రంగుకి తిరుగుతుంది. అద్దంలో చూసుకున్నాను. ముందు పళ్ళ బయటి ముఖాలు మల్లెపూలు. చిగురు అంచు వెంబడి ఊదా గీత, అచ్చు జాకెట్టు అంచుకి పైపింగు వేసినట్టు. ఆ అమ్మాయి చిన్న అద్దం లోపల పెట్టి కింది ముందు పళ్ళ వెనక్కి తిప్పింది. అక్కడ గీత కాదు, గోడ. మొత్తం ఊదా. పొద్దున నాలుగు నిమిషాలు తోముకున్న నోరు అది.

"ఇక్కడే లాలాజలం ఊరే నాళాలు తెరుచుకుంటాయి సార్. అందుకే అందరికీ గార మొదట పట్టేది ఇక్కడే. పై దవడ పళ్ళ బుగ్గవైపు కూడా అంతే" అంటూ చార్టు తీసింది. పంటికొక గుండ్రం, గుండ్రానికి నాలుగు ముక్కలు. నాకున్నవి 28 పళ్ళు, 112 గళ్ళు. ఒక్కో గడీ పైకి చదువుతూ, రంగున్న చోటల్లా ఎర్ర పెన్నుతో నింపింది. పక్క కుర్చీలో ఒక పిల్లాడు నోరు తెరుచుకుని కూర్చున్నాడు, వాళ్ళమ్మ నా లెక్క వింటోంది. యాభై మూడు గళ్ళు. క్యాలిక్యులేటర్ నొక్కి "47 శాతం సార్, పది లోపు ఉండాలి" అంది. పక్కావిడ పిల్లాడి చెవిలో ఏదో అంది. ఏమందో నాకు వినపడలేదు గానీ పిల్లాడు నా నోటికేసి చూశాడు. కాక్రేన్ వాళ్ళ 56 పరీక్షల్లో నాలాంటివాడు ఒక్కడూ దొరికుండడు.

ఊదా పెదాలతో ఇంటికొచ్చాను. తలుపు తీసిన మా అమ్మాయి, "నేరేడుపళ్ళు తిన్నావా నాన్నా?" అని అడిగింది. మీకు కూడా ఆ బిళ్ళ ఇస్తే, తర్వాత ఎక్కడికీ వెళ్ళే పని పెట్టుకోకండి. పెదాలకి ముందే కాస్త వాజ్‌లీన్ రాసుకోవచ్చట, అది నాకు తర్వాత చెప్పారు.

ఈ కరెంటు బ్రష్‌కి మూలపురుషుడు 1954లో స్విట్జర్లాండ్‌లో పుట్టాడు. చేతులు సరిగ్గా ఆడనివాళ్ళకీ, పళ్ళకి తీగలు కట్టించుకున్నవాళ్ళకీ అక్కరకొస్తుందని చేశారట. అప్పట్లో నేరుగా గోడ ప్లగ్గుకి పెట్టుకుని తోముకోవాల్సిందే. చేతులు ఆడనివాళ్ళ కోసం పుట్టిన వస్తువు, చెయ్యి మరీ ఎక్కువ ఆడేవాడి పాలబడింది.

నలభై ఏళ్ళ అలవాటున్న చేతిని కదలకుండా ఉంచడం అంత తేలిక కాదు. ఆ అమ్మాయి చెప్పింది ఒక్కటే: "మీరు తోమొద్దు సార్, తీసుకెళ్ళి పంటి మీద పెట్టండి, అది తోముతుంది." పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు మూడు వేళ్ళతో పట్టుకోమంది. మొదటి వారం నా చెయ్యి నా మాట వినలేదు. పంటి మీద పెట్టగానే దానంతటదే ముందుకీ వెనక్కీ పోయేది. విసిగి ఎడమ చేత్తో మొదలుపెట్టాను. ఎడమ చేతికి పాత అలవాటేమీ లేదు కాబట్టి రుద్దడం చేతకాదు, పెట్టడమే వచ్చు. మూడు వారాలు ఎడమ చేత్తోనే తోముకున్నాను. ఈ కిటుకు నాకు ఎవరూ చెప్పలేదు, నా సొంత బుర్రే. డాక్టర్ గారు కూడా మెచ్చుకున్నారు, అది ఇక్కడ రాయకుండా ఉండలేను.

లెక్క కూడా వేసుకున్నాను. ఒక భాగంలో ఏడు పళ్ళు, ముప్పై సెకన్లు. పంటికి నాలుగు సెకన్ల పైచిలుకు. అందులో బయటివైపు, లోపలివైపు, పైభాగం. అంటే ఒక్కో ముఖానికి సెకనున్నర కూడా రాదు. ఆ లెక్క చూశాక నేను రెండు చుట్లు తిరుగుతున్నాను. మొదటి చుట్టు లోపలివైపుల నుంచే మొదలు, ఎందుకంటే బయటివైపు ఎవడైనా తోముతాడు. పేస్టు బఠాణీ గింజంత, బ్రష్ నోట్లో పెట్టాకే స్విచ్ నొక్కాలి, లేకపోతే అద్దానికి వెల్ల వేసినట్టే. ఉమ్మేశాక నీళ్ళు పోసుకుని గలగలా పుక్కిలించకూడదు, పేస్టులోని ఫ్లోరైడ్ అంతా సింకు పాలవుతుంది. ఇది మాత్రం నాకింకా చేదుగానే ఉంది.

తల మూడు నెలలకి మార్చాలన్నారు. నా కొత్త తల మూడు నెలలయ్యాక కూడా కుచ్చులు నిటారుగా ఉన్నాయి. కంపెనీ వాళ్ళని అన్నేళ్ళు తిట్టిన తిట్లన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. ఒక పని మాత్రం మరవకండి, తలని పిడి నుంచి లాగి రెండూ కడగండి. నేను రెండు నెలలు లాగలేదు. లాగినరోజు లోపల నల్లటి జిగురు చూసి ఆ పూట మామూలు బ్రష్‌తో తోముకున్నాను.

కంపెనీల మీద నాకింకా ఒక పగ మిగిలుంది. బ్యాటరీని లోపల పెట్టి మూసేస్తారు. అది చచ్చిందంటే మోటారు బాగున్నా మొత్తం పారెయ్యాల్సిందే. టార్చిలైటుకి బ్యాటరీ మార్చుకునే మనిషికి పళ్ళు తోముకునే పిడికి మార్చుకునే హక్కు లేదా? నీళ్ళు దిగకుండా అంటారు. చేతిగడియారానికి కుదిరింది దీనికి ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

ఇక ఇవాళ్టి సంగతి. అదే బిళ్ళ, అదే అద్దం, అదే ఎర్ర పెన్ను. కింది ముందు పళ్ళ వెనక ఊదా గోడ లేదు. పదకొండు గళ్ళు నిండాయి. అందులో ఎనిమిది, నాలుగు మూలల్లోని ఆఖరి దవడ పళ్ళవి, లోపలివైపూ వెనకవైపూ. అక్కడికి బ్రష్ పెడితే నాకు డోకు వస్తుంది, ఒప్పుకుంటాను. డాక్టర్ గారు చార్టు చూసి తలూపి, పెన్ను ఒకచోట ఆపారు. మిగిలిన మూడు గళ్ళూ ఒకే పంటివి. గాడి పడిన ఎడమ కోరపన్ను.

"దీన్ని అసలు ముట్టుకోవడం లేదా?" అన్నారు.

"భయమండీ" అన్నాను.

ఆవిడ నా బ్రష్ తీసుకుని, మూడు వేళ్ళతో పట్టుకుని, స్విచ్ నొక్కి ఆ పంటి మీద పెట్టారు. ఎర్ర లైటు వెలగలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టి తీసేశారు.