సదస్సులో సీసా నీళ్ళకు చోటు లేదట

బ్రోచర్ ముసాయిదా సాయంత్రం మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది. ఎర్ర సిరాతో ఒకే ఒక్క గీత, అదీ మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా నేను పెట్టుకున్న కార్యక్రమం మీద. "మీ ఊరి నీళ్ళు ఒక సీసాలో తెచ్చుకోండి, కలిసి పరీక్షిద్దాం" అని రాశాను. దాని స్థానంలో "పత్ర సమర్పణ కొనసాగింపు, సర్టిఫికెట్ల ప్రదానం" అని ఉంది. పక్కన సంతకం లేదు. ఆ ఎర్ర సిరా ఎవరిదో మా కాలేజీలో అటెండరుకు కూడా తెలుసు.

కోపం వస్తే నేనేం చేస్తానో మీకు తెలిసిందే. వంటింట్లో డబ్బాలన్నీ దించి తుడవడం మొదలుపెట్టాను. ఈయన ఒకసారి తొంగి చూసి, ఏమీ అడగకుండా బుజ్జిదాన్ని తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయారు. అత్తయ్య మాత్రం "కందిపప్పు డబ్బా ఎక్కడ పెట్టావో చెప్పి కోప్పడమ్మా, పొద్దున నేను వెతుక్కోలేను" అన్నారు.

ఈ సదస్సు మాట ఎత్తింది నేనే. సైన్సు ఎలా చెబుతున్నాం, పిల్లలకు ఏం అందుతోంది అన్నదాని మీద ఒంగోలులో ఒక రోజు కూర్చుని మాట్లాడుకుందాం, హైస్కూలు మాస్టార్లను కూడా పిలుద్దాం అన్నాను. అందరూ తలలూపారు. అక్కడి నుంచి మొదలైంది. వట్టి "సదస్సు" అంటే బాగుండదు, "జాతీయ సదస్సు" అందామన్నారు ఒకరు. చెన్నై నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు వస్తే జాతీయమే కదా. ఇంకొకాయనకు అదీ చాలలేదు. ఆయన మేనల్లుడు డల్లాస్‌లో ఉంటాడు. అతను తెర మీద పది నిమిషాలు కనిపించి మాట్లాడితే అంతర్జాతీయం అయిపోతుంది, కాలేజీల నాణ్యత తూచే నాక్ సంస్థకు చూపించే ఫైలుకు నిండుగా ఉంటుంది. ఆ మేనల్లుడు రాసేది బ్యాంకుల సాఫ్ట్‌వేర్. సైన్సు బోధనతో అతనికున్న సంబంధం ఒకప్పుడు పదో తరగతి పాసవడమే.

బడ్జెట్ కాగితం చూస్తే ఇంకా ముచ్చట. శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలు, పూలగుత్తులు, సావనీర్ అచ్చు, భోజనాలు, అతిథుల కార్లు. ప్రయోగ సామగ్రికి అసలు పద్దే లేదు. ప్రారంభ సభకు గంటన్నర: జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, పెద్దలను ఒక్కొక్కరినీ వేదిక మీదికి పిలవడం, వాళ్ళ పరిచయాలు, ఆ పరిచయాలు చేసిన వాళ్ళకు ధన్యవాదాలు. పొదిలి నుంచో దర్శి నుంచో తెల్లవారగానే బస్సెక్కి వచ్చిన మాస్టారు ఇవన్నీ వెనక వరసలో కూర్చుని చూడాలి. ఆయన మాట్లాడే వంతు సర్టిఫికెట్టు అందుకునేటప్పుడు వస్తుంది. "థాంక్యూ సార్" అనాలి.

ప్రతిపాదనలో నేను రెండు పాత సంగతులు రాశాను. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగరేసిన తరవాత అమెరికా వాళ్ళకు తమ బడుల్లో సైన్సు చదువు మీద దిగులు పట్టుకుంది. 1959 సెప్టెంబరులో సుమారు 35 మంది శాస్త్రవేత్తలు, మనస్తత్వ శాస్త్రవేత్తలు, విద్యావేత్తలు వుడ్స్ హోల్ అనే చోట చేరి, సైన్సు ఎలా చెప్పాలన్న ఒక్క విషయం మీద పది రోజులు చర్చించారు. పది రోజులు! రెండోది మన దేశంలోదే. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో, పిల్లలు తమ చేతులతో ప్రయోగం చేసి నేర్చుకునే సైన్సు చదువు మొదలైంది. చుట్టూ దొరికే వస్తువులే సామగ్రి. అది జిల్లాలు దాటి పాకి, చివరికి 2002లో ప్రభుత్వం ఆపేస్తే ఆగింది. ఈ పేరాను కన్వీనర్ గారు ఎంతో మెచ్చుకున్నారు. "బరువు వచ్చిందమ్మా" అన్నారు. ఆ పేరాను ఉంచి, ప్రయోగాన్ని కొట్టేశారు.

నీళ్ళ సీసా మీద నాకెందుకింత పట్టుదల అంటే, మా పదో తరగతి ఫొటో గురించి చెప్పాలి.

మా ఊరు కనిగిరి వైపని ఎప్పుడో రాశాను. ఆ ఏడాది గ్రూపు ఫొటో తీయడానికి టౌను నుంచి ఫొటోగ్రాఫర్ వచ్చాడు. బెంచీల మీద నిలబెట్టి "నవ్వండమ్మా, నవ్వండి" అని అరిచీ అరిచీ అలసిపోయాడు. ఒక్కరు నోరు తెరిస్తే ఒట్టు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, అందరం పెదాలు బిగించుకుని ఎవరినో పరామర్శించడానికి వచ్చినట్టు ఉంటాం. మావన్నీ గార పళ్ళు. ముందు పళ్ళ మీద అడ్డంగా గోధుమ రంగు చారలు, కొందరికి గుంటలు. నా పక్కన కూర్చునే అమ్మాయి ఓణీ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే నవ్వేది. అందరూ ఆ పిల్లకు సిగ్గెక్కువ అనుకునేవాళ్ళు. మా నాయనమ్మకైతే నా పళ్ళ మీద పంతం. ఇటుక పొడి మెత్తగా నూరి, చూపుడు వేలితో చిగుళ్ళు రక్తం కారేదాకా తోమేది. సరిగా తోముకోకపోవడం వల్లే గార పట్టిందని ఆవిడ నమ్మకం.

అదే ఏడాది తరగతిలో ఆవర్తన పట్టిక చెప్పారు. ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ అని బోర్డు మీద వరసగా రాసి, వీటిని హాలోజన్లంటారు, ఋణవిద్యుదాత్మకత అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఫ్లోరిన్‌కే, రెండు మార్కుల ప్రశ్న, గుర్తు పెట్టుకోండి అన్నారు. గుర్తు పెట్టుకున్నాం. కిటికీ అవతల బోరింగు దగ్గర ఆయా బిందె నింపుతోంది. గది లోపల ఫ్లోరిన్, బయట ఫ్లోరైడ్, మధ్యలో ఒక కిటికీ. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. సారుదీ మా పక్క ఊరే, ఆయన పళ్ళూ అలాగే ఉండేవి.

ఎమ్మెస్సీ చదివేటప్పుడు లైబ్రరీలో తెలిసింది. దేశంలో తాగునీటి ఫ్లోరైడ్ జబ్బు గురించి మొదట అచ్చయిన నివేదిక మా వైపు ఊళ్ళ గురించేనట. 1937లో వైద్య పత్రికలో వచ్చింది. అప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి, ప్రకాశం జిల్లా 1970 దాకా పుట్టనే లేదు. రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరిగి దిగుతుంది. పసితనంలో చిగురు కింద పన్ను తయారవుతున్నప్పుడే పింగాణి పొర చెడిపోతుంది. బయటికి వచ్చాక ఇటుక పొడితో కాదు, దేనితో తోమినా పోదు. 1937లో డాక్టర్లకు తెలిసిన సంగతి 1990ల్లో మా తరగతి గదికి చేరలేదు. సైన్సు బోధన మీద సదస్సు పెడితే మాట్లాడాల్సింది దీని గురించి కాకపోతే ఇంక దేని గురించి?

ఇంతవరకు రాశాక ఫోను మోగింది. కెమిస్ట్రీ మేడం. ఎర్ర గీత సంగతి చెప్పి, ఆవిడా తిడతారని ఎదురు చూశాను. ఆవిడ కాసేపు విని, "ఆయన ఎందుకు కొట్టేశారో నాకు తెలియదు కానీ, నాకైనా ఆ కార్యక్రమం అంత నచ్చలేదమ్మా" అన్నారు. విద్యార్థులతో కలిసి ఆవిడ ఒకప్పుడు ఊళ్ళల్లో నీళ్ళు పరీక్షించారు. ఒక ఇంట్లో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటిందని చెబితే, ఆ ఇల్లాలు "అయితే ఏ నీళ్ళు తాగమంటావు తల్లీ?" అని అడిగిందట. జవాబు లేక అక్కడి నుంచి వచ్చేశారట. "మాస్టారు సీసా తెస్తాడు, రంగు మారుతుంది, అంకె రాసుకుంటాడు. మర్నాడు పిల్లలకు ఏం చెప్పాలి? మీ ఇంటి నీళ్ళు మంచివి కావు, వెళ్ళి అవే తాగండి అనా?"

కోపం దిగిపోయింది. ఏమనాలో తోచలేదు. మా బడికి కూడా ఒకసారి ఎవరో టార్చిలైటుతో వచ్చి, మమ్మల్ని వరసలో నిలబెట్టి నోళ్ళు తెరిపించి, పుస్తకంలో ఏదో రాసుకుని జీపెక్కి వెళ్ళిపోయారు. ఆ జీపు తిరిగి రాలేదు. నా కార్యక్రమం కూడా ఆ జీపులాంటిదేనేమో అనిపించింది. కన్వీనర్ గారి గీతే నయమని ఒక పేరా రాశాను కూడా.

ఆ పేరా ఇప్పుడే చెరిపేశాను. తెలియకపోవడం వల్ల మాకు ఒరిగిందేమిటి? నా చిగుళ్ళు చీలాయి, ఆ అమ్మాయి కొంగు అడ్డం పెట్టుకుంది, అంతే. అంకె చెప్పాలి. అంకెతో ఆగకూడదు. మేడం అడిగిన ప్రశ్నే ఆ గంటన్నరలో సగం కావాలి. ఈ నీళ్ళు మరగబెడితే లాభం లేదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ అడుగునే మిగిలి ఇంకా చిక్కబడుతుంది. ఇది ఎంత మంచి పరీక్ష ప్రశ్న! పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి ఉంది, దానికి ఓపిక కావాలి, అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలో ఆలోచించాలి. వాన నీళ్ళు పట్టుకోవచ్చు. పాలు, ఆకుకూరలు తింటే కాల్షియం కొంత అడ్డుకుంటుంది. పంచాయతీకి అర్జీ రాయడం కూడా సైన్సు తరగతిలో నేర్పవచ్చు. తరగతిలో ఏ పిల్లనూ నోరు తెరవమనకూడదు, దీన్ని మాస్టార్లకు మొదటే చెప్పాలి.

పరీక్ష సులువే. జిర్కోనియం అనే లోహం కలిసిన ఎర్రటి ద్రావణం చుక్కలు నీళ్ళలో వేస్తే, ఫ్లోరైడ్ ఆ జిర్కోనియంను రంగు దగ్గర నుంచి లాగేసుకుంటుంది. ఎరుపు వెలిసి పసుపుకు తిరుగుతుంది. పక్కన రంగుల పట్టీ పెట్టి పోల్చుకోవడమే.

పొదిలి వైపు మాస్టారు ఒకాయన, విషయం ఎలా తెలిసిందో, పొద్దునే ఫోను చేశారు. "మేడం గారూ, బడి కుళాయివి, మా ఇంటి బోరువి, క్యాన్లలో అమ్మే నీళ్ళు, మూడూ తెస్తాను. ఆ క్యాన్ల వాడి సంగతి కూడా తేల్చేద్దాం" అన్నారు. రోజంతటిలో నాకు నచ్చిన మాట అదొక్కటే. దాన్ని ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

కన్వీనర్ గారితో వాదించను. పత్ర సమర్పణే కావాలంటున్నారు కదా, పత్రమే ఇస్తాం. "తాగునీటిలో ఫ్లోరైడ్: ఉన్నత పాఠశాలల్లో బోధన సమస్యలు" అని నేనూ మేడమూ కలిసి ఒకటి, మాస్టార్లు వాళ్ళ ఊళ్ళ మీద తలా ఒకటి. పత్రం చదివేటప్పుడు బల్ల మీద సీసాలు ఉండకూడదని బ్రోచర్‌లో ఎక్కడా రాయలేదు. మేడంకు మళ్ళీ ఫోను చేస్తే సరేనన్నారు, పటిక, సున్నం భాగం తనే చెబుతారట.

మిగిలింది ద్రావణం ఖర్చు. పద్దు లేదన్నాను కదా, అకౌంటెంటు గారికి మెసేజి పెట్టాను. ఇంత రాత్రి చూస్తారనుకోలేదు. స్టేషనరీ కింద రాసేయమని వెంటనే జవాబు వచ్చింది. ఆయనదీ కనిగిరి వైపే.