యానా మొగుడికి ఎందుకు చెప్పలేదు

డౌన్టన్ అబ్బే (ఒక దొరల బంగళాలో పైన యజమానులు, కింద పనివాళ్ళ కథ చెప్పే బ్రిటిష్ టీవీ సీరియల్) మళ్ళీ మొదట్నుంచి చూస్తున్నా, ఈసారి మా ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టి. మొన్న నాలుగో సీజన్‌లో ఆ ఎపిసోడ్ వచ్చింది. తెలిసిన కథే, అయినా చేతులు చల్లబడిపోయాయి. పైన అందరూ ప్రసిద్ధ గాయని నెల్లీ మెల్బా పాట వింటూ ఉంటారు, తలనొప్పికి మందు కోసం కిందకొచ్చిన పనిమనిషి యానా మీద, చుట్టంగా వచ్చిన దొర దగ్గర పనిచేసే గ్రీన్ పడి అత్యాచారం చేస్తాడు. మొదటి దెబ్బ తర్వాత ఇంకేం చూపించరు. ఖాళీ నడవాలు, అరుపులు, పైన పాట, అంతే. 2013లో ఇది వచ్చినప్పుడు బ్రిటన్‌లో చాలామంది గొడవ చేశారు, ఫిర్యాదులు కూడా పెట్టారు.

యానా మొగుడు బేట్స్ కూడా ఆ ఇంట్లోనే పనిచేస్తాడు, అతనికి మాత్రం ఆమె చెప్పదు. అక్కణ్ణుంచి మా ఆయన ఒకటే గోల, "బేట్స్ అంత మంచోడు కదా, చెప్పేస్తే పోయేదానికి?" అని. చెప్తే ఆయన వెళ్ళి వాణ్ణి చంపేస్తాడని భయం బాబూ! కథ నడిచేది 1922లో, అప్పుడు హత్యకి ఉరి, పైగా బేట్స్ మొదటి భార్యని చంపాడన్న కేసులో ఒకసారి ఉరికంబం దాకా వెళ్ళొచ్చినవాడు. అంటే తన ఒళ్ళంతా పచ్చిపుండై ఉంటే కూడా ఈ పిల్ల మొగుడి కోపానికి కాపలా కాయాలన్నమాట. స్పృహ తప్పి పడ్డానంటుంది, ఇంటి పనివాళ్ళని చూసుకునే మిసెస్ హ్యూస్‌కి మాత్రం చెప్పుకుని వేరే బట్టలడుగుతుంది, ఆయన చెయ్యేస్తే ఉలిక్కిపడుతుంది, చివరికి ఇద్దరూ ఉండే కాటేజీ వదిలేసి మళ్ళీ పెద్దింట్లోకి మారిపోతుంది. ఆయనేమో నావల్ల ఏం తప్పు జరిగిందా అని తిరుగుతుంటాడు.

నాకు నచ్చనిది ఒకటుంది. యానా తనంతట తాను చెప్పదు, నేను ఊరొదిలి పోతానని బేట్స్ మిసెస్ హ్యూస్‌ని బెదిరించి రాబడతాడు. తర్వాత నువ్వు నాకు ఇంకా పవిత్రమైనదానివి అన్నట్టు మాట్లాడతాడు, చాలామందికి ఏడుపొచ్చే సీన్ అది, నాకు మాత్రం ఎందుకో ఇబ్బందిగా అనిపించింది, మైలపడ్డావన్నా పవిత్రం అన్నా కొలత మళ్ళీ అదేగా. పాత సంతోషం తెచ్చుకుందామని ఇద్దరూ బయట హోటల్‌కి భోజనానికెళ్తారు చూడండి, ఎంత మాట్లాడుకున్నా ఆ విషయం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టుంటుంది, అలాంటివి ఇంకో పది సీన్లు కావాలి నాకు. కానీ గ్రీన్ లండన్‌లో బస్సు కింద పడి చస్తాడు, ఇంక ఎవరు తోశారు, పోలీసులు, అనుమానాలు, కాపురం కథ కాస్తా కేసు కథైపోయింది. యానాగా చేసిన జోఆన్ ఫ్రాగట్‌కి 2015లో గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, ఆ మౌనానికే ఇచ్చుంటారు అనుకుంటా.

నిన్న రాత్రి మా ఆయన టీవీ ఆపి "నువ్వైతే నాకు చెప్తావా?" అన్నాడు. నువ్వెళ్ళి వాణ్ణి చంపవని నమ్మకముంటే చెప్తా అన్నా. రిమోట్ పట్టుకుని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఇంకా జవాబు రాలేదు.