కీ ఇస్తే నడుస్తుంది, చేతికి పెట్టుకుంటే ఆగిపోతుంది

ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే నా ఆటోమేటిక్ వాచీ రెండుంబావు దగ్గర ఆగి ఉంది. చెయ్యి కదులుతుంటే తనంతట తానే కీ ఎక్కించుకునే రకం అది. ముందురోజంతా చేతికే ఉంది మరి. కీ ఇచ్చాను, నడిచింది. మర్నాడు మళ్లీ అదే వరస. నా మొదటి ఉద్యోగానికి నాన్న కొనిచ్చిన వాచీ అది. ఎనిమిదేళ్లలో ఎప్పుడూ ఇలా చెయ్యలేదు. చాలా టెన్షన్ పడ్డాను.

మొదట చూపించిన చోట మూత కూడా తియ్యకుండానే లోపలి మెషిన్ మొత్తం మార్చాలన్నారు. నాకు మనసొప్పలేదు. వాచీ నడవలేకపోవడం వేరు, తనంతట తాను కీ ఎక్కించుకోలేకపోవడం వేరు. ఈ రెండిట్లో ఏదో తేలకుండా మెషిన్ ఎందుకు మార్చాలి? ఇంట్లోనే తేల్చుకుందామని కూర్చున్నాను.

నా వాచీకి వెనకవైపు గాజు మూత ఉంది. అందులోంచి అర్ధచంద్రాకారంలో ఒక బరువైన రేకు కనిపిస్తుంది. అదే రోటర్. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరుగుతుంది. దాని కింద రివర్సర్ చక్రాలని రెండు చిన్న చక్రాలుంటాయి. రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగు మాత్రం ఒకే వైపు చుట్టుకునేలా చూసేది అవే. ఇక చుట్టుకున్న స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ ముళ్లని నడుపుతుంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బొడిపె పట్టుకుని మెల్లగా ముప్పై చుట్లు దాకా కీ ఇచ్చి, వాచీని బల్ల మీద పెట్టేశాను. ఇక ముట్టుకోలేదు. నా వాచీకి నిండా కీ ఇస్తే 38 గంటలు నడవాలి. ఆదివారం రాత్రి పదకొండు దాటాక ఆగింది, అంటే 39 గంటలు. టైము కూడా సరిగ్గానే చూపించింది. అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను. స్ప్రింగు బాగుంది, ముళ్లని నడిపే చక్రాలూ బాగున్నాయి. అయస్కాంతం పట్టిందేమోనన్న అనుమానం కూడా చాలావరకు పోయింది. అయస్కాంతం పట్టిన వాచీ మామూలుగా బాగా ముందుకు పరిగెడుతుంది, నాది అలా చెయ్యలేదు.

తర్వాతి అనుమానం నా మీదే. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పని నాది. చెయ్యి కదలకపోతే రోటర్ ఎలా తిరుగుతుంది? ఇది చాలామందికి నిజంగా ఎదురయ్యే కారణమే, రిపేరుకి ఇచ్చేముందు తప్పకుండా చూసుకోవాలి. అందుకని పూర్తిగా ఆగిపోయిన వాచీని చేతికి పెట్టుకుని గంటసేపు చేతులూపుకుంటూ నడిచాను. ఇంటికొచ్చి బల్ల మీద పెడితే పది నిమిషాలకే సెకన్ల ముల్లు నిలబడిపోయింది. గంట నడకకి అంత తక్కువ కీ ఎక్కడమేమిటి? నా పద్ధతిలో కాదు, లోపలే ఎక్కడో తేడా ఉందని తేలిపోయింది.

అసలు జాడ దొరికింది మాత్రం ఆ రాత్రి. దీపం దగ్గర వాచీని బోర్లా పట్టుకుని కీ ఇస్తూ గాజులోంచి చూశాను. చేత్తో కీ ఇస్తున్నప్పుడు రోటర్ తన మానాన తాను ఉండాలి. నాది బొడిపె తిప్పినప్పుడల్లా ఉలిక్కిపడ్డట్టు కొంచెం కొంచెం కదులుతోంది. వెంటనే కీ ఇవ్వడం ఆపేశాను. రోటర్ అలా కదులుతోందంటే రివర్సర్ చక్రాలు సరిగ్గా వదలడం లేదని అర్థం. ఇంకా బలవంతం చేస్తే పళ్లు అరిగిపోతాయి. వాచీని గట్టిగా విదిలించి నడిపించడం కూడా మంచిది కాదు.

ఇదంతా తేదీలతో, గంటలతో ఒక కాగితం మీద రాసుకుని ఇంకొక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కాగితం ఓపిగ్గా చదివి, మూత తీసి, రోటర్ విప్పి, భూతద్దం నా చేతికిచ్చి, "చూడు బాబూ" అన్నారు. రివర్సర్ చక్రం మెంతి గింజ కంటే పెద్దదేమీ కాదు. దాని లోపల ఇంకా చిన్న కొక్కేలుంటాయట. ఒకవైపు తిరిగితే అవి పట్టుకోవాలి, రెండోవైపు తిరిగితే వదిలెయ్యాలి. ఎనిమిదేళ్ల నాటి నూనె ఎండి జిగురైపోవడంతో పట్టుకోవాల్సినప్పుడు జారుతున్నాయి, వదలాల్సినప్పుడు పట్టుకుంటున్నాయి. చక్రం అంచున సన్నటి గోధుమరంగు గీతలా ఆ జిగురు నాకూ కనిపించింది.

చక్రాలు రెండూ కడిగి, మందులాంటి పల్చటి ద్రవంలో ముంచి ఆరబెట్టారు. ఆరాక కొక్కేల మీద కనీకనిపించని నూనె పొర మాత్రం మిగులుతుంది. అక్కడ నూనె చుక్క వేస్తే మళ్లీ అంటుకుపోతాయన్నారు. మిగతా చోట్ల నూనె కూడా అంత పాతదే కాబట్టి పూర్తి సర్వీసింగ్ చెయ్యమన్నాను. మెషిన్ మార్చాల్సిన అవసరమే రాలేదు.

వాచీ చేతికొచ్చిన రోజు కీ ఇస్తూ మళ్లీ గాజులోంచి చూశాను. రోటర్ కదల్లేదు. తర్వాత దాన్ని పూర్తిగా ఆగనిచ్చి, ఆ మర్నాడు కీ ఇవ్వకుండా పొద్దున్నుంచి రాత్రిదాకా చేతికి పెట్టుకుని, పడుకునేముందు తీసి బల్ల మీద పెట్టాను. తెల్లారి లేచేసరికి నడుస్తూనే ఉంది. ఆ రోజు సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి చెప్పేటప్పటికి కూడా.